కొత్త మాత్ర అంటే మెరుగైన మాత్రేనా?

వేపచెట్టు:
నాన్నకు చాలా ఏళ్లుగా ఎసిడిటీకి ఒమెప్రజోల్ నడుస్తోంది. ఏ ఇబ్బందీ లేదు. మొన్న చెకప్‌కి వెళ్తే డాక్టర్ గారు అది తీసేసి ఎసోమెప్రజోల్ రాశారు. పాతదానితో ఏమైనా సమస్యా అండీ అని అడిగితే "అదేం లేదు, ఇది లేటెస్ట్" అన్నారు. ఇంటికొచ్చి రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి చూశాను. పేర్లలో రెండక్షరాలు తేడా. ధరలో మాత్రం చాలా తేడా. లేటెస్ట్ అంటే మెరుగైనదనేనా, లేక కంపెనీలు మనల్ని ఆడిస్తున్నాయా? తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టడానికి వచ్చేవాళ్లు కూడా రావచ్చు, కాకపోతే ముందు విషయం చెప్పి తర్వాత తిట్టండి.

మాజీ_రెప్:
మందుల కంపెనీ రెప్‌గా డాక్టర్ల దగ్గరికి ఈ రెండూ నేను సంచిలో మోసినవే. ఒమెప్రజోల్‌లో ఒకే అణువు కుడి రూపం, ఎడమ రూపం సమానంగా కలిసి ఉంటాయి. అందులోంచి ఒక్క రూపాన్నే విడదీస్తే ఎసోమెప్రజోల్. పాతది అమెరికాలో ప్రిలోసెక్ పేరుతో విపరీతంగా అమ్ముడయ్యేది. 2001లో దాని ప్రధాన పేటెంట్ గడువు ముగింపుకొచ్చింది. సరిగ్గా అదే ఏడాది ఆస్ట్రాజెనెకా కంపెనీ ఎసోమెప్రజోల్‌ను నెక్సియం పేరుతో అక్కడి మార్కెట్లోకి దించింది. రంగు కూడా మార్చలేదు, అదే ఊదా రంగు. పాతదానికి జనరిక్‌లు వచ్చేలోపు డాక్టర్ల చేతికి కొత్త పేరు అలవాటైపోవాలి. ప్లాన్ మొత్తం అంతే.

లెక్కలమాస్టారు:
మరి మెరుగైనదని ఎలా చూపించారు? చాలా ట్రయల్స్‌లో, అంటే రోగుల మీద చేసే పరీక్షల్లో, కొత్తది 40 మి.గ్రా. ఇచ్చి, పాతది 20 మి.గ్రా. ఇచ్చి పోల్చారు. రెట్టింపు మోతాదు ఇస్తే కొంచెం ఎక్కువ పనిచేయడంలో వింతేముంది? ఎవరైనా "ఇది మెరుగు" అంటే నేను అడిగేది ఒకటే. దేనికంటే? ఎంత మోతాదు కంటే?

చాదస్తం:
మాస్టారూ, ఆ పందెంలో నన్నూ పెట్టండి. పక్కవాడి కాలికి ఇటుక కట్టాక.

ప్రయోగశాల_పిల్లి:
నేను ఈ రంగంలోనే జీతం తీసుకుంటున్నాను కాబట్టి నా మాట అనుమానంగానే చదవండి. ఒక రూపాన్ని విడదీయడమే మోసం అనకండి. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకి ఇచ్చే లెవోడోపానే తీసుకోండి. రెండో రూపం వల్ల రక్తకణాలకు హాని అని తేలాకే ఎడమ రూపం ఒక్కటే వాడుతున్నారు. కొన్నిసార్లు నిజంగా లాభం ఉంటుంది. ఎసోమెప్రజోల్ విషయంలో ఆ లాభం చిన్నది, అంతవరకు ఒప్పుకుంటాను.

మాజీ_రెప్:
చిన్న లాభానికి పెద్ద ప్రచారం. అదే కదా మేమంటున్నది.

హౌస్‌సర్జన్_నిద్రలో:
@వేపచెట్టు గారూ, ఈ చర్చా దారం చదివి మీరే మందు మార్చేయకండి. ఒకసారి మళ్లీ వెళ్లి "పాతదే కొనసాగిస్తే నష్టమేమైనా ఉందా?" అని అడగండి. నష్టం లేదంటే పాతదే రాయమనండి. డాక్టర్లు ఎవరూ కొరకరు.

చాదస్తం:
కొరకరు, కానీ తర్వాతి టోకెన్ పిలుస్తారు.

పొద్దుతిరుగుడు:
ఇంతకీ డాక్టర్లు డబ్బు తీసుకునే ఇలా రాస్తారా? సూటిగా అడుగుతున్నా.

హౌస్‌సర్జన్_నిద్రలో:
తీసుకునేవాళ్లు లేరని అనను. కానీ నాకు తెలిసిన సీనియర్లలో ఎక్కువమంది ఓ పెన్నుకో, ఓ పూట భోజనానికో అమ్ముడుపోయే రకం కాదు. అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

మాజీ_రెప్:
డాక్టర్ గారూ, మీ మాటే మా వ్యాపార రహస్యం. పెన్ను కోసం ఎవరూ మందు రాయరు. పేరు గుర్తుండటం కోసమే పెన్ను. నేను వెళ్లేటప్పటికి ఏ డాక్టర్ ఏ మందు ఎంత రాస్తున్నారో లిస్టు నా దగ్గర ఉండేది. ఎక్కువ రాసేవారిని ఎక్కువ సార్లు కలవాలి, సాంపిల్స్ ఎక్కువ ఇవ్వాలి, కాన్ఫరెన్స్‌కి పిలవాలి. రాయనివారి దగ్గర పొద్దుపోయేదాకా నిలబడితే మా మేనేజర్ ఊరుకునేవాడు కాదు. "నేను ప్రభావితం కాను" అని నమ్మే డాక్టర్ అంటే మాకు చాలా ఇష్టం. ఆయన జాగ్రత్తపడడు కదా.

ఇంకో సంగతి. సాంపిల్స్‌ని అందరూ దానం అనుకుంటారు. సాంపిల్‌గా ఇచ్చేది ఎప్పుడూ కొత్త బ్రాండే. చవకైన పాత జనరిక్‌ను ఎవరూ సాంపిల్‌గా పంచరు. రోగికి మొదటి వారం ఉచితం. పడింది అనిపించాక మిగతా జీవితమంతా కొనుక్కోవడమే.

లెక్కలమాస్టారు:
డాక్టర్ గారి మాటకి లెక్క ఉంది. అమెరికాలో 2010లో ఒక చట్టం తెచ్చారు, కంపెనీలు ఏ డాక్టర్‌కి ఎంత ఇచ్చాయో బయటపెట్టాల్సిందే. ఆ వివరాలను మందుల చీటీలతో కలిపి చూసిన అధ్యయనం 2016లో వచ్చింది. కంపెనీ ఖర్చుతో ఒక్క భోజనం చేసిన డాక్టర్లు కూడా ఆ కంపెనీ బ్రాండ్‌ను మిగతావాళ్లకంటే ఎక్కువగా రాస్తున్నారు. భోజనాలు పెరిగేకొద్దీ రాయడమూ పెరిగింది.

హౌస్‌సర్జన్_నిద్రలో:
అది సంబంధమే, కారణం అని రుజువు కాదు. ముందునుంచే ఆ మందు ఇష్టపడేవాళ్లే ఆ మీటింగ్‌కి వెళ్లి ఉండొచ్చు.

లెక్కలమాస్టారు:
నిజమే. ఆ అధ్యయనం రాసినవాళ్లూ అదే అన్నారు. కానీ ఫలితం లేని భోజనాల మీద ఏళ్ల తరబడి ఖర్చుపెట్టేంత అమాయకులా కంపెనీలవాళ్లు?

సత్యాన్వేషి_999:
మీరంతా చిల్లర విషయాలు మాట్లాడుతున్నారు. క్యాన్సర్‌కి మందు ఎప్పుడో కనిపెట్టి దాచేశారు. రోగం నయమైపోతే వాళ్లకి వ్యాపారమేముంది?

చాదస్తం:
వచ్చారా సార్. మీ కోసమే ఎదురుచూస్తున్నాం.

ప్రయోగశాల_పిల్లి:
ఒక రకం రక్త క్యాన్సర్‌కి ఇమాటినిబ్ 2001లో వచ్చింది. అంతకుముందు కొన్నేళ్లకే ప్రాణం తీసే జబ్బు, ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటూ ఎన్నో ఏళ్లు బతుకుతున్నారు. దాచారా? లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్ సికి సోఫోస్‌బువిర్ 2013లో వచ్చింది. ఇతర మందులతో కలిపి 12 వారాలు వాడితే నూటికి తొంభై మందికి పైగా వైరస్ పూర్తిగా పోతోంది. నయం చేసేస్తోంది సార్, నయం!

నల్లకోటు:
ఆ సోఫోస్‌బువిర్ 12 వారాల కోర్సుకి అమెరికాలో గిలియడ్ కంపెనీ పెట్టిన ధర 84,000 డాలర్లు. అంటే మాత్రకి వెయ్యి. జైళ్లలో ఉన్నవాళ్లకి, ప్రభుత్వ బీమా మీద ఉన్నవాళ్లకి చాలా రాష్ట్రాలు "లివర్ బాగా పాడయ్యాక రండి" అన్నాయి. మందు దాచాల్సిన అవసరం ఎవరికుంది? అందనంత ధర పెడితే చాలు.

సత్యాన్వేషి_999:
అంటే నేనన్నదే కదా!

నల్లకోటు:
కాదు. మీరన్నది కథ. నేను చెప్పింది రేటు.

పొద్దుతిరుగుడు:
మరి కంపెనీలు నిజంగా ఏమీ దాచలేదా?

లెక్కలమాస్టారు:
మందు దాచలేదు. ఫలితాలు దాచారు. ఇది కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

డిప్రెషన్‌కి వాడే 12 మందుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 ట్రయల్స్‌ని 2008లో కొందరు పరిశోధకులు తవ్వి తీశారు. వాటిలో మందు పనిచేసిందని ఎఫ్‌డీఏ ఒప్పుకున్నవి 38. అందులో 37 పత్రికల్లో అచ్చయ్యాయి. పనిచేయలేదనో, అనుమానమనో తేలినవి 36. అందులో 22 అసలు అచ్చే కాలేదు. ఇంకో 11 అచ్చయ్యాయి కానీ పనిచేసినట్టుగా తిరగరాసి. ఉన్నదున్నట్టు అచ్చయినవి మూడే.

ఇప్పుడు ఒక డాక్టర్ చాలా నిజాయితీపరుడనుకోండి, రెప్ ముఖం కూడా చూడడు, పత్రికలు మాత్రమే చదువుతాడు. అతనికి కనిపించేది ఏమిటి? దాదాపు ప్రతి ట్రయల్లోనూ మందు గెలిచింది. మందులు అసలు పనిచేయవని కాదు, అచ్చయినవాటిలో కనిపించినంత గొప్పగా పనిచేయవని ఆ అధ్యయనం తేల్చింది. భోజనం తిన్న డాక్టర్‌ని తిట్టొచ్చు. తినని డాక్టర్ కూడా మోసపోయాడే, అతన్ని ఏమందాం?

హౌస్‌సర్జన్_నిద్రలో:
ఇది చదివాక ఇవాళ నిద్ర లేదు. మామూలుగానూ లేదనుకోండి.

మాజీ_రెప్:
మాస్టారు మొదట్లో అడిగిన "దేనికంటే?" అనే ప్రశ్న వయాక్స్ కథలో బాగా పనికొస్తుంది. కీళ్ల నొప్పుల మందు, మెర్క్‌ది, 1999లో వచ్చింది. కడుపులో పుళ్లు తక్కువ అని ప్రచారం. 2000లో అచ్చయిన పెద్ద ట్రయల్లో పాత మందు నాప్రాక్సెన్‌తో పోల్చారు. పుళ్లు నిజంగానే తగ్గాయి. కానీ వయాక్స్ వాడినవాళ్లకి గుండెపోట్లు దాదాపు నాలుగు రెట్లు! దానికి కంపెనీ ఇచ్చిన వివరణ ఏమిటో తెలుసా? మా మందు గుండెకి చెడ్డది కాదు, పాత మందే గుండెని కాపాడుతోంది, అందుకే తేడా అలా కనిపిస్తోంది అని. మందు లేని ఖాళీ మాత్రతో పోల్చి ఉంటే ఆ వాదన అప్పుడే తేలిపోయేది. చివరికి అలా ఖాళీ మాత్రతో పోల్చిన ఇంకో ట్రయల్లోనే బయటపడి 2004 సెప్టెంబర్ 30న మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అప్పటికి ప్రపంచవ్యాప్తంగా కోట్ల మంది వాడేశారు.

నల్లకోటు:
2007లో ఆ కేసుల సెటిల్‌మెంట్‌కి మెర్క్ ఒప్పుకున్నది 485 కోట్ల డాలర్లు. ఒక్క 2003లోనే ఆ మందు అమ్మకాలు 250 కోట్ల డాలర్లు దాటాయి. రెండేళ్ల అమ్మకాలంత. అదీ శిక్ష.

చాదస్తం:
ట్రాఫిక్ చలానా నయం. కడుపు మండుతుంది.

నల్లకోటు:
ఇంకొకటి. గ్లాక్సోస్మిత్‌క్లైన్ 2012లో అమెరికాలో 300 కోట్ల డాలర్లు కట్టింది. పాక్సిల్ అనే డిప్రెషన్ మందును పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి అనుమతి లేకుండా ప్రచారం చేయడం, అవాండియా అనే షుగర్ మందు భద్రత వివరాలు నియంత్రణ సంస్థకి పూర్తిగా ఇవ్వకపోవడం, ఇవి ఆ నేరాల్లో ఉన్నాయి. అప్పటికి అదో రికార్డు. ఆ మందుల అమ్మకాలు దానికి ఎన్నో రెట్లు. నేరం ఒప్పుకున్నది కంపెనీ. జైలుకెళ్లిన మనిషి లేడు.

పొద్దుతిరుగుడు:
మరి 2015లో డారాప్రిమ్ అనే మాత్ర ధర 13.50 డాలర్ల నుంచి 750కి పెంచిన ఆ కంపెనీ అధిపతి ష్క్రెలీ జైలుకి వెళ్లాడుగా?

నల్లకోటు:
వెళ్లాడు, పెట్టుబడిదారుల్ని మోసం చేసినందుకు. రోగుల్ని దోచుకున్నందుకు కాదు. డారాప్రిమ్ ధర పెంచడం ఒక్కటే అయితే ఏ సెక్షనూ లేదు. అది 1950ల నాటి మందు, పేటెంట్ ఎప్పుడో పోయింది. తయారుచేసేవాళ్లు ఇంకెవరూ లేకుండా చూసుకుంటే పేటెంట్ ఎందుకు? ఆ తర్వాత పోటీని అడ్డుకున్నాడన్న కేసులో 2022లో కోర్టు అతన్ని ఈ పరిశ్రమ నుంచి జీవితాంతం నిషేధించింది, అది వేరు.

ప్రయోగశాల_పిల్లి:
ష్క్రెలీని మా లెక్కలో వేయకండి, అతను ఒక్క అణువు కూడా కనిపెట్టలేదు. కనిపెట్టేవాళ్ల సంగతి చెప్తాను. ఒక మందు బయటికి రావాలంటే పదేళ్లు దాటుతుంది. మనుషుల మీద పరీక్ష దాకా వచ్చినవాటిలో కూడా పదికి తొమ్మిది ఫెయిలవుతాయి. ఒక్కో మందుకి 260 కోట్ల డాలర్లని 2014లో టఫ్ట్స్ యూనివర్సిటీవాళ్లు లెక్క కట్టారు. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

లెక్కలమాస్టారు:
ఆ 260లో దాదాపు సగం ఖర్చే కాదు. ఆ డబ్బు వేరేచోట పెట్టి ఉంటే వచ్చే లాభాన్ని కూడా ఖర్చుగా చూపించారు. లెక్క కట్టడానికి వాడిన వివరాలు కంపెనీలే ఇచ్చాయి, బయటివాళ్లు సరిచూడటానికి లేదు. బహిరంగంగా ఉన్న వివరాలతో 2020లో కట్టిన ఇంకో లెక్కలో ఒక్కో మందుకి మధ్యస్థ ఖర్చు వంద కోట్ల డాలర్లకి కాస్త తక్కువ వచ్చింది. అదీ పెద్దదే, కాదనను.

ప్రయోగశాల_పిల్లి:
మాస్టారూ, పెట్టుబడి మీద రాబడి ఆశించడం ఖర్చు కాదంటే ఎవరు పెడతారు? చూడండి, మొండి బ్యాక్టీరియాకి కొత్త యాంటీబయాటిక్ కావాలని ప్రపంచమంతా అరుస్తోంది. అకేయోజెన్ అనే చిన్న కంపెనీ కష్టపడి ప్లాజోమైసిన్ తయారుచేసింది. 2018 జూన్‌లో అనుమతి వచ్చింది. 2019 ఏప్రిల్‌లో దివాలా. ఎందుకు? మంచి యాంటీబయాటిక్‌ని డాక్టర్లు అత్యవసరానికి దాచిపెడతారు, వాడినా కొన్ని రోజులే. రోజూ జీవితాంతం మింగే మాత్రకే డబ్బు. మమ్మల్ని దురాశాపరులంటారు సరే, మంచి పని చేసినవాడు మునిగిపోతే ఎవరూ అడగరు.

మాజీ_రెప్:
ఈ పాయింట్ మాత్రం బాగుంది. అంటే జనానికి ఏది అవసరమో, మార్కెట్‌కి ఏది అవసరమో వేరు వేరని పిల్లి గారే చెప్పేశారు.

ప్రయోగశాల_పిల్లి:
నేను చెప్పిందాన్ని నా మీదకే తిప్పారు. సరే. మరి చూపు పోగొట్టే నదీ అంధత్వం అనే జబ్బుకి ఐవర్‌మెక్టిన్ మందుని మెర్క్ 1987 నుంచి ఉచితంగా ఇస్తోంది, ఎంత కావాలంటే అంత, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు. మీరు వయాక్స్‌కి తిట్టిన కంపెనీయే. అది కూడా రాయండి.

సత్యాన్వేషి_999:
అదంతా పేరు కోసం. అందుకే నేను ఇంగ్లిష్ మందులే మానేశాను. మూలికల గోళీలు వాడుతున్నా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

నల్లకోటు:
ఆ గోళీలు తయారుచేసేదీ కంపెనీలే సార్. అమెరికాలోనైతే 1994 చట్టం ప్రకారం వాటిని అమ్మేముందు పనిచేస్తాయని రుజువు చూపించాల్సిన పనే లేదు. దొంగ లెక్కలు చూపించారని ఒకరి మీద కోపమొచ్చి, లెక్కలే అడగనివాళ్ల దగ్గరికి వెళ్లారు మీరు.

నిర్వాహకుడు:
మందులు మానేయమని ఎవరికైనా సలహా ఇస్తే ఆ పోస్టు తీసేస్తాను. మీ మందు మీ ఇష్టం, పక్కవాడిది కాదు.

పొద్దుతిరుగుడు:
నాకు తెలిసిన ఒకటి చెప్తాను. మా పిన్ని కొడుక్కి వెన్ను ఆపరేషన్ అయ్యాక ఓపియాయిడ్ (నల్లమందు జాతి) నొప్పి మాత్రలు రాశారు. అలవాటు పడతాయేమో అని మా పిన్ని అడిగితే "నొప్పి ఉన్నవాళ్లకి అలవాటు కాదమ్మా" అన్నారట. గాయం మానింది కానీ మాత్ర మానలేకపోయాడు. ఉద్యోగం పోయింది, పెళ్లి ఆగిపోయింది. ఇప్పుడు బానే ఉన్నాడు, చికిత్స తీసుకున్నాడు. కానీ ఆ "అలవాటు కాదు" అనే మాట ఎక్కడ పుట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

హౌస్‌సర్జన్_నిద్రలో:
పుట్టిన చోటు తెలుసు. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఎడిటర్‌కి వచ్చిన ఒక ఉత్తరం. అధ్యయనం కూడా కాదు, ఐదు వాక్యాల ఉత్తరం. ఆసుపత్రిలో ఉండగా ఇలాంటి మందులు తీసుకున్న 11,882 మందిలో నలుగురే అలవాటు పడ్డట్టు రికార్డుల్లో ఉందని. అందులో ఇంటికెళ్లాక నెలల తరబడి వాడిన మాటే లేదు. దాన్నే పట్టుకుని "నూటికి ఒక్కరు కూడా అలవాటు పడరు" అని 1990ల్లో చెప్పుకుంటూ పోయారు. 1996లో పర్డ్యూ కంపెనీ ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ మాత్ర దించినప్పుడు ఇదే పల్లవి. 2017లో లెక్కేస్తే ఆ ఉత్తరాన్ని 608 చోట్ల ఉటంకించారు, ఎక్కువమంది అది ఆసుపత్రి రోగుల గురించి మాత్రమేనని చెప్పలేదు. చదవకుండానే ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారేమో అని నా అనుమానం.

నల్లకోటు:
2007లో పర్డ్యూ అనుబంధ కంపెనీ, ముగ్గురు పెద్ద అధికారులు నేరం ఒప్పుకున్నారు. అలవాటు ప్రమాదం తక్కువని కంపెనీ తప్పుడు ప్రచారం చేసిందని. దాదాపు 60 కోట్ల డాలర్లు కట్టారు. తర్వాత కూడా అమ్మారు. 2020లో మళ్లీ నేరం ఒప్పుకున్నారు.

పొద్దుతిరుగుడు:
ఐదు వాక్యాలు. ఇది మా పిన్నికి చెప్పను.

వేపచెట్టు:
ఒక ఎసిడిటీ మాత్ర గురించి అడిగితే ఎక్కడికో వెళ్లిపోయాం. డాక్టర్ గారిని మళ్లీ అడిగాను, పాతదే రాసిచ్చారు, ఏమీ అనలేదు. ఇంకో చిన్న సందేహం. "గుండెపోటు ముప్పు 36 శాతం తగ్గిస్తుంది" లాంటివి చూస్తే నమ్మాలా?

లెక్కలమాస్టారు:
ఆ 36 శాతం లిపిటర్ అనే కొలెస్ట్రాల్ మందు ప్రకటనలోది. అబద్ధం కాదు. కింద చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉండేది. ఖాళీ మాత్ర తీసుకున్నవాళ్లలో నూటికి ముగ్గురికి గుండెపోటు వచ్చింది, మందు తీసుకున్నవాళ్లలో ఇద్దరికి. అంటే కొన్నేళ్లపాటు వందమంది మింగితే ఒక్కరికి తప్పుతుంది. శాతాలు చెప్పినప్పుడల్లా "నూటికి ఎంతమందికి?" అని అడగండి.

హౌస్‌సర్జన్_నిద్రలో:
ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకి ఆ లాభం ఇంకా ఎక్కువ, వాళ్లు ఇది చదివి ఆపకండి దయచేసి. మాస్టారి లెక్క ముప్పు తక్కువున్నవాళ్లకి.

చాదస్తం:
ఈ ఫలితాలు మనలాంటివాళ్లు చూసుకునే చోటేమైనా ఉందా?

లెక్కలమాస్టారు:
క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ అని అమెరికా ప్రభుత్వ రిజిస్ట్రీ, 2000 నుంచి ఉంది. ముందే నమోదు చేయని ట్రయల్‌ని అచ్చువేసేది లేదని 2005 నుంచి పెద్ద వైద్య పత్రికలు పట్టుబట్టాయి. ఫలితాలు కూడా పెట్టాలని 2007లో అమెరికా చట్టం చేసింది. మొదలుపెట్టేటప్పుడు ఏది కొలుస్తామన్నారు, చివర్లో ఏది కొలిచినట్టు రాశారు, ఈ రెండూ పోల్చి చూడండి. చాలాసార్లు వినోదం అక్కడే ఉంటుంది.

చాదస్తం:
@ప్రయోగశాల_పిల్లి గారూ, మరి మీరు పనిచేసిన ట్రయల్స్ అన్నిటి ఫలితాలూ అందులో ఉన్నాయా?

ప్రయోగశాల_పిల్లి:
ఒకదానివి లేవు. మందు ఫెయిలైంది, ప్రాజెక్ట్ మూసేశారు, రాయాల్సినవాళ్లని వేరే టీమ్‌లో వేశారు. దాచాలని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు, అలా ఉండిపోయింది.

నల్లకోటు:
అందులో చేరిన రోగులకైనా ఫలితం చెప్పారా?

ప్రయోగశాల_పిల్లి:
చెప్పినట్టు నాకు గుర్తులేదు. సోమవారం ఆఫీసులో అడుగుతాను.

చాదస్తం:
సోమవారం ఈ దారం మళ్లీ పైకి లేపే బాధ్యత నాది.